గ్రామసభలో ప్రపంచ శాంతి తీర్మానం పెట్టవచ్చా?

లంకవాసి
సెప్టెంబరు 11, రాత్రి 9:20

కోనసీమలో ఒక చిన్న పంచాయతీకి వార్డు సభ్యుణ్ణి. ఊరి పేరు రాయను. రాస్తే రేపు పొద్దున్నే మా సర్పంచ్ గారి దగ్గరినుంచి ఫోను వస్తుంది.

అక్టోబరు 2న మాకు గ్రామసభ. ఆ రోజు గాంధీ జయంతే కాదు, 2007లో ఐక్యరాజ్యసమితి దాన్ని అంతర్జాతీయ అహింసా దినంగా కూడా ప్రకటించింది. యుద్ధాలు ఆపాలి, అణ్వాయుధాలు రద్దు చేయాలి, దేశాలు కలిసి నడవాలి అని సభలో తీర్మానం చేయిద్దామని ఊళ్లో కొందరు కుర్రాళ్లు నన్ను పట్టుకున్నారు. నాకూ నచ్చింది. కార్యదర్శి గారికి చెబితే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఏడో వార్డు మురుగు కాలువ ఉంది, కుళాయి పన్ను ఉంది. దీన్ని ఏ పద్దు కింద రాయమంటావు బాబూ?" అన్నారు.

నావి రెండు ప్రశ్నలు. పంచాయతీకి ఆ అధికారం ఉందా? ఉంటే ఆ కాగితం వల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా? రెండో దానికి "అవగాహన పెరుగుతుంది" అని మాత్రం చెప్పకండి. ఆ మాట ప్రతి ఫ్లెక్సీ మీదా చదువుతూనే ఉన్నాను.

సూటిమాట
సెప్టెంబరు 11, రాత్రి 9:41

ముందు కాలువ తవ్వించండి, జెనీవా సంగతి తరువాత చూద్దురుగాని. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు.

పాత గుమాస్తా
సెప్టెంబరు 11, రాత్రి 10:15

31 ఏళ్లు పంచాయతీ కార్యదర్శిగా చేసి దిగినవాణ్ణి. మీ కార్యదర్శి గారి ప్రశ్నకు జవాబు తేలిక: ఖర్చు లేని తీర్మానానికి పద్దుతో పని లేదు. "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" అని అజెండా చివర ఒక వరుస ఉంటుంది. అందులో పెట్టనిది లేదు. నాయకులు పోయినప్పుడు సంతాపాలు, తుపాను వచ్చినప్పుడు పొరుగు జిల్లాకు సానుభూతి, ఎమ్మెల్యే గారికి పుట్టినరోజు శుభాకాంక్షలు అన్నీ నా చేత్తోనే రాశాను. ఆ చివరిది రాస్తున్నప్పుడు మాత్రం కలం కొంచెం మొరాయించేది.

కనుక రాయవచ్చు. రాసి ఏం చేస్తారన్నది మీ రెండో ప్రశ్న. అది నాకూ ఉంది.

న్యాయపాఠాలు
సెప్టెంబరు 12, ఉదయం 6:50

మొదటి ప్రశ్నకు రాజ్యాంగంలో ఒక ముచ్చటైన దారి ఉంది. 51వ అధికరణం ప్రకారం అంతర్జాతీయ శాంతి భద్రతలను పెంపొందించడానికి, వివాదాలు మధ్యవర్తిత్వంతో పరిష్కారమయ్యేలా ప్రోత్సహించడానికి "రాజ్యం" కృషి చేయాలి. రాజ్యం అనగానే మనకు ఢిల్లీ గుర్తొస్తుంది. కానీ ఆదేశిక సూత్రాల భాగంలో ఆ మాటకు 12వ అధికరణంలోని అర్థమే వర్తిస్తుందని 36వ అధికరణం చెబుతుంది. 12లో ఏముంది? కేంద్రం, రాష్ట్రాలు, వాటి చట్టసభలు, ఆపైన "స్థానిక అధికార సంస్థలు". అంటే మీ పంచాయతీ కూడా అంతర్జాతీయ శాంతికి కృషి చేయవలసిన "రాజ్యం"లో భాగమే. ఈ మాట క్లాసులో చెప్పినప్పుడల్లా వెనక బెంచీలో నిద్ర పోయేవాడు కూడా లేచి కూర్చుంటాడు.

అయితే తొందరపడకండి. 37వ అధికరణం ప్రకారం ఈ సూత్రాలను కోర్టుకు వెళ్లి అమలు చేయించుకోలేరు. విదేశీ వ్యవహారాలు ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 10వ అంశం, ఒప్పందాలు 14వ అంశం. మీరు ఒక అభిప్రాయం చెప్పవచ్చు, విన్నపం పంపవచ్చు. విదేశాంగ విధానం నడపకూడదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1996లో బర్మాతో వ్యాపారం చేసే కంపెనీలను ప్రభుత్వ కొనుగోళ్లకు దూరం పెడుతూ చట్టం చేసింది. 2000లో వాళ్ల సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆ ఒక్క కేసు చాలు.

మూసీ ఒడ్డు
సెప్టెంబరు 12, ఉదయం 8:05

మాది సూర్యాపేట. మీ చర్చకు అడ్డం పడాలని కాదు గాని ఒక సంగతి చెప్పాలి. 2015 మే నెలలో ప్రధాని చైనా వెళ్లినప్పుడు హైదరాబాద్, చింగ్‌దావ్ సోదర నగరాలని, అంటే రెండు దేశాల ఊళ్లు స్నేహంగా మెలగాలని, ఒప్పందం చేసుకున్నారు. చెన్నైకి చోంగ్‌చింగ్‌ను జత చేశారు. అంతకు ముందు 2013లో ఢిల్లీకి బీజింగ్, బెంగళూరుకు చెంగ్డూ, కోల్‌కతాకు కున్మింగ్. కరచాలనాలు, ఫొటోలు బాగానే వచ్చాయి.

2020 జూన్ 15 రాత్రి చైనా సరిహద్దులో గల్వాన్ దగ్గర 20 మంది మన సైనికులు చనిపోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్ బాబు మా ఊరివాడు. శవపేటిక వచ్చిన రోజు కరోనా భయం కూడా మరచి జనం రోడ్డుకు రెండువైపులా నిలబడ్డారు. నేను మేడమీది నుంచి చూశాను. ఇప్పుడు ఆయన విగ్రహం మీదుగానే నా రోజూ రాకపోకలు. ఆ "సోదర నగరం" ఆ రోజు ఏ పనికి వచ్చింది? హైదరాబాద్‌లో ఎవరినైనా అడగండి, చింగ్‌దావ్ మన సోదర నగరమని పదిమందిలో ఒక్కరికైనా తెలుసునేమో.

శాంతి వద్దనడం లేదు. కాగితం మీద శాంతి అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

సూటిమాట
సెప్టెంబరు 12, ఉదయం 8:20

మూసీ ఒడ్డు గారి మాటే నా మాట. నేను వెటకారంగా అన్నాను, ఆయన బాధతో అన్నారు.

వర్షాల ఊరు
సెప్టెంబరు 12, మధ్యాహ్నం 2:30

నేను ఇంగ్లండులో కోవెంట్రీలో నర్సుగా పనిచేస్తున్నాను. సోదర నగరాలు అన్న ఆలోచనే ఇక్కడ మొదలైందని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. కథ మాత్రం ఒప్పందాలతో మొదలవలేదు.

1940 నవంబరు 14 రాత్రి జర్మన్ బాంబులకు ఈ ఊరు తగలబడింది. పెద్ద చర్చి మొండిగోడలు అలాగే ఉంచారు, బస్సు దిగి ఆసుపత్రికి వెళ్తూ చూస్తుంటాను. తరువాత రష్యాలోని స్తాలిన్‌గ్రాద్ ముట్టడి వార్తలు వచ్చినప్పుడు ఇక్కడి ఆడవాళ్లు 830 మంది తమ పేర్లను ఒక బల్లగుడ్డ మీద దారంతో కుట్టి పంపారు. పేరుకు ఆరు పెన్నీల చొప్పున చందా కూడా వేశారు. "పెద్ద జాలికన్నా చిన్న సాయం మేలు" అన్న మాట కూడా ఆ గుడ్డమీద కుట్టారు. అది ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. 1944లో రెండు ఊళ్లూ జత కట్టాయి. స్తాలిన్‌గ్రాద్ పేరు 1961లో వోల్గోగ్రాద్ అయింది. మన మద్రాసు కూడా 1960లలో దానితో జత కట్టింది.

మూసీ ఒడ్డు గారికి నచ్చే భాగం కూడా దాచకుండా చెబుతాను. 2022లో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లాక కోవెంట్రీ నగరపాలక సంస్థ ఆ సంబంధాన్ని పక్కన పెట్టింది. హిట్లర్ కాలంలో పుట్టి ప్రచ్ఛన్న యుద్ధాన్ని దాటిన స్నేహం అది. ఆ నిర్ణయం సరైనదా కాదా అని మా వార్డులో రాత్రి డ్యూటీ అంతా వాదించుకున్నాం. నాతో పనిచేసే ఉక్రెయిన్ అమ్మాయి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మేం వాదన ఆపేశాం.

కోబే రేవు
సెప్టెంబరు 12, రాత్రి 7:45

జపాన్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. లంకవాసి గారి రెండో ప్రశ్నకు నాకు తెలిసినంతలో గట్టి జవాబు నేనుండే ఊళ్లోనే ఉంది.

కోబేలో ఓడరేవు నిర్వహణ నగరపాలక సంస్థ చేతిలో ఉంటుంది. అణ్వాయుధాలున్న నౌకలకు మా రేవులో ప్రవేశం లేదని 1975 మార్చిలో నగర మండలి తీర్మానం చేసింది. దాన్ని అమలు చేసే పద్ధతి ఇది: రేవులోకి వచ్చే విదేశీ యుద్ధనౌక ఏదైనా తనలో అణ్వాయుధం లేదని రాసిచ్చి రావాలి. అంతే. నినాదం లేదు, విదేశాంగ విధానం లేదు. రేవు గుమాస్తా బల్లమీద ఒక కాగితం. ఇక్కడే చిక్కు పడింది. ఏ ఓడలో అణ్వాయుధం ఉందో లేదో చెప్పకపోవడం అమెరికా నౌకాదళ విధానం. రాసివ్వదు, కనుక రాలేదు. దశాబ్దాలపాటు వాళ్ల యుద్ధనౌకలు కోబే ముఖం చూడలేదు.

1954 సంగతి ఇంకా దగ్గరది. మార్చి 1న బికినీ దీవిలో అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష చేసింది. ఆ బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. అందులో 23 మంది. రేడియో చూసే కుబోయామా సెప్టెంబరులో చనిపోయాడు. మార్కెట్లో ట్యూనా కొనేవాడు లేడు. టోక్యోలో సుగినామి అనే వార్డులో ఆడవాళ్ల సమావేశం జరుగుతుంటే చేపల దుకాణం నడిపే ఒక ఇల్లాలు లేచి మా బతుకేమిటని అడిగింది. మర్నాడే వార్డు మండలి హైడ్రోజన్ బాంబుకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తీసుకున్నారు. 1955 ఆగస్టుకు దేశమంతటా సంతకాలు 3 కోట్లు దాటాయి. మొదలు మాత్రం చేపల దుకాణమే.

న్యాయపాఠాలు
సెప్టెంబరు 12, రాత్రి 8:30

కోబే పద్ధతి చూశారా? "మేం యుద్ధనౌకలను నిషేధిస్తున్నాం" అంటే అది విదేశాంగ వ్యవహారం. "మా రేవులో లంగరు వేయాలంటే ఈ కాగితం ఇవ్వండి" అంటే రేవు నిర్వహణ. ఆ పద్ధతి పెట్టినవాడెవరో గాని మంచి ప్లీడరు.

వర్షాల ఊరు
సెప్టెంబరు 12, రాత్రి 11:10

ఇక్కడా అలాంటిదే ఒకటి జరిగింది. 1980 నవంబరులో మాంచెస్టర్ తనను అణ్వాయుధ రహిత నగరంగా ప్రకటించుకుంది, వెంట వందకు పైగా స్థానిక సంస్థలు నడిచాయి. అందరూ నవ్వారు, బాంబు వచ్చి బోర్డు చదివి వెనక్కి పోతుందా అని. 1982లో అణుయుద్ధం వస్తే ఏం చేయాలో దేశమంతటా రిహార్సల్ పెట్టాలని లండన్ ప్రభుత్వం అనుకుంది. ఆ పని చేయవలసింది స్థానిక సంస్థల సిబ్బందే. చాలా కౌన్సిళ్లు మేం చేయమన్నాయి. రిహార్సల్ రద్దయింది. మరుసటి ఏడు ప్రభుత్వం నిబంధనలు మార్చి దాన్ని తప్పనిసరి చేసింది, అది వేరే సంగతి.

సూటిమాట
సెప్టెంబరు 13, ఉదయం 7:15

బాగుంది. వాళ్ల చేతిలో రేవు ఉంది, సిబ్బంది ఉన్నారు. లంకవాసి గారి పంచాయతీ చేతిలో ఏముంది? ఒక ట్రాక్టరు, రెండు బోర్లు, నాలుగు చెత్త రిక్షాలు. అణు జలాంతర్గామి గోదావరి పాయలోకి వస్తే ఆపేస్తారా?

పాత గుమాస్తా
సెప్టెంబరు 13, ఉదయం 7:40

నాలుగు రిక్షాలు కూడా ఎక్కువే చెప్పారు.

కోబే రేవు
సెప్టెంబరు 13, ఉదయం 9:00

సూటిమాట గారూ, కాలువ సంగతి మీరు మొదలుపెట్టారు గనుక ఒక ఊరి సంగతి. నాగసాకి మేయర్లంటే శాంతికి ప్రపంచంలో పేరు. 1990లో మొతోషిమా అనే మేయరు మీద కాల్పులు జరిగాయి. యుద్ధంలో చక్రవర్తికి కూడా బాధ్యత ఉందన్నందుకు ఒక తీవ్ర జాతీయవాది వీపుమీద కాల్చాడు. ఆయన బతికాడు. 2007 ఏప్రిల్‌లో ఇతో అనే మేయరును ఎన్నికల ప్రచారంలో కాల్చి చంపారు. మళ్లీ శాంతి మాట్లాడినందుకేనని లోకమంతా అనుకుంది. తీరా చూస్తే హంతకుడి కారు నగరపాలక పనులు జరుగుతున్నచోట గుంతలో పడి పాడైంది. నష్టపరిహారం ఇవ్వలేదని పగ పెంచుకున్నాడు.

అణ్వాయుధాల మీద ఐక్యరాజ్యసమితిలో మాట్లాడిన మనిషి రోడ్డు గుంత గొడవకు పోయాడు. మీరు అన్నదానికి అనుకూలంగా చెబుతున్నానో వ్యతిరేకంగా చెబుతున్నానో నాకే తెలియదు. మేయరు బల్లమీద రెండు ఫైళ్లూ పక్కపక్కనే ఉంటాయి, అంతవరకు నిజం.

నిర్వాహకులు
సెప్టెంబరు 13, ఉదయం 11:30

రెండు వ్యాఖ్యలు తొలగించాం. పొరుగు దేశాల మీద తిట్లు వేరేచోట రాసుకోండి. గల్వాన్ ప్రస్తావన ఉంచాం, అది ఈ చర్చలోదే.

అమలాపురం ఆడపడుచు
సెప్టెంబరు 13, మధ్యాహ్నం 3:20

రెండు రోజులుగా చదువుతున్నాను. ఇప్పటిదాకా మగవాళ్లు ఓడలు, జలాంతర్గాములు చూశారు. కోనసీమలో కూర్చుని కువైట్ మాట ఎవరూ ఎత్తలేదు!

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌లోకి వచ్చినప్పుడు మా అమ్మ అక్కడ ఒక ఇంట్లో వంటమనిషి. నాకు తొమ్మిదేళ్లు. అమ్మ ఏ ఇంట్లో ఉందో, ఆ వీధి పేరేమిటో మా నాన్నకు తెలియదు. ఏజెంటు పేరు తెలుసు, అతను కనపడటం మానేశాడు. నాన్న ఒక పాస్‌పోర్టు ఫొటో పట్టుకుని కనిపించిన ప్రతి ఆఫీసుకూ వెళ్లారు. "వివరాలు తీసుకురండి" అన్నారు. ఏ వివరాలు? ఆ ఏడాది ఎయిరిండియా విమానాల్లో లక్షమందికి పైగా జనాన్ని జోర్డాన్ మీదుగా తీసుకొచ్చారు. అమ్మ అక్టోబరులో వచ్చింది. మెడలో పుస్తెలతాడు లేదు, చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది, అందులో ఎండిపోయిన రొట్టె. అది ఎందుకు తెచ్చిందో తనకూ తెలియదు.

మా ఊళ్లో ఈనాటికీ ఎవరు ఏ దేశంలో, ఎవరి దగ్గర పనిచేస్తున్నారో పంచాయతీలో ఒక కాగితం లేదు. 2022లో ఉక్రెయిన్‌లో వైద్యం చదివే పిల్లల తల్లిదండ్రులు మళ్లీ అలాగే ఫొటోలు పట్టుకుని తిరిగారు. చేతిలో ఏముందని అడిగారు కదా సూటిమాట గారూ. ఒక పుస్తకం, ఒక కలం ఉన్నాయి.

సూటిమాట
సెప్టెంబరు 13, మధ్యాహ్నం 3:55

అమ్మా, దీనికి నేను ఎదురు చెప్పను.

పాత గుమాస్తా
సెప్టెంబరు 13, సాయంత్రం 5:10

ఆ పుస్తకం నేనే పెట్టి ఉండవలసింది. 31 ఏళ్లలో జనన మరణాలు రాశాను, పశువుల లెక్కలు రాశాను, కొబ్బరిచెట్ల లెక్కలు కూడా రాశాను. దేశం దాటిన మనిషిని ఎక్కడా రాయలేదు.

తీర్మానం ఇలా రాసుకోండి లంకవాసి గారూ:

"భారత రాజ్యాంగం 51వ అధికరణం స్ఫూర్తితో, దేశాల మధ్య వివాదాలు యుద్ధంతో కాక చర్చలతో, మధ్యవర్తిత్వంతో పరిష్కారం కావాలని, అణ్వాయుధాలు లేని ప్రపంచం కోసం దేశాలన్నీ కలిసి కృషి చేయాలని ఈ గ్రామసభ కోరుతున్నది. యుద్ధం వచ్చినచోట మన గ్రామస్థులు ఉంటారన్న ఎరుకతో, విదేశాల్లో ఉన్న గ్రామస్థుల వివరాల పుస్తకాన్ని, వారి కుటుంబాల సమ్మతితో, పంచాయతీ కార్యాలయంలో నిర్వహించాలని తీర్మానించడమైనది. నకలు కలెక్టరు గారి ద్వారా ప్రభుత్వానికి పంపవలెను."

న్యాయపాఠాలు
సెప్టెంబరు 13, సాయంత్రం 6:00

ఏ విదేశీ ప్రభుత్వానికీ నేరుగా పంపకండి. ఏ దేశం పేరూ ఎత్తకండి. ఆ పుస్తకం కార్యదర్శి బీరువాలో తాళం కింద ఉండాలి. పాస్‌పోర్టు నంబర్లు ఏజెంట్ల చేతిలో పడితే మేలుకు పోయి కీడు తెచ్చుకున్నట్టవుతుంది.

కోబే రేవు
సెప్టెంబరు 13, రాత్రి 8:15

ఒక చిన్న సమాచారం. 1982లో హిరోషిమా మేయరు అరాకి ఐక్యరాజ్యసమితిలో పిలుపునిచ్చి మొదలుపెట్టిన శాంతి మేయర్ల సంఘంలో ఇప్పుడు 8,000కు పైగా నగరాలు ఉన్నాయి. 2020కల్లా అణ్వాయుధాలు లేకుండా చేస్తామని గడువు పెట్టుకున్నారు. గడువు దాటిపోయింది, ఆయుధాలు ఉన్నాయి. ఆ సంఘాన్ని నేను గౌరవిస్తాను గాని, మీ పుస్తకం గడువు లేకుండా నడిచేది. నాకు అదే ఎక్కువ నచ్చింది.

మూసీ ఒడ్డు
సెప్టెంబరు 13, రాత్రి 9:30

ఇలాగైతే నాకు అభ్యంతరం లేదు. సైన్యంలో ఉన్నవాళ్ల కుటుంబాలకు కూడా సభలో ముందు వరుసలో కుర్చీలు వేయించండి. యుద్ధం వద్దనే మాట వాళ్లు అనాలనుకుంటే అననివ్వండి, అనకూడదనుకుంటే వదిలేయండి.

లంకవాసి
అక్టోబరు 3, రాత్రి 10:05

సభ జరిగింది. ఏడో వార్డు కాలువ గంటన్నర తిన్నది. కుళాయి పన్ను మీద ఇద్దరు చొక్కాలు పట్టుకోబోయారు. మా అంశం వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. ముందు వరుసలో వేసిన రెండు కుర్చీల్లో ఒకటి ఖాళీగానే ఉంది. రెండోదాంట్లో కూర్చున్న హవల్దారుగారి అమ్మ తీర్మానం మొదటి భాగం చదువుతున్నంతసేపూ తల వంచుకుని కొంగు సరిచేసుకుంటూ కూర్చున్నారు, ఏమీ అనలేదు.

పుస్తకం సంగతి చదవగానే మాత్రం గేటు దాకా పోయిన ఆడవాళ్లు వెనక్కి వచ్చారు. కార్యదర్శి గారు "రేపటి నుంచి రాసుకుంటాం" అన్నా వినలేదు. మినిట్స్ పుస్తకం చివరి పేజీలోనే రాయించారు. నిన్న, ఇవాళ కలిపి 58 పేర్లు. కువైట్ 27, ఖతార్ 11, మస్కట్ 6, దుబాయ్ 9, మలేసియా 2, అమెరికా 2.

58వది ఆగిపోయింది. ఒక పెద్దాయన వచ్చారు, కొడుకు సరుకుల ఓడలో పనిచేస్తాడు. ఎర్రసముద్రం మీదుగా వెళ్తున్నామని పోయిన నెల ఫోను చేశాడట. "ఏ దేశం?" అని కార్యదర్శి గారు అడిగితే ఆయన చాలాసేపు ఆలోచించి "సముద్రం అని రాయండి బాబూ" అన్నారు. రాశారు. పాత గుమాస్తా గారూ, అది చెల్లుతుందా? ఏం రాయాలి?

పాత గుమాస్తా
అక్టోబరు 3, రాత్రి 10:40

దేశం గడి అలాగే ఉండనివ్వండి. పక్కన ఓడ పేరు, పంపిన కంపెనీ పేరు, ఫోను, నావికుడి గుర్తింపు పుస్తకం నంబరు రాయండి. ఓడ మారినప్పుడల్లా వచ్చి చెప్పమనండి. పెన్సిలుతో రాయండి, ఓడలు తరచుగా మారుతుంటాయి.